ఒలికిన ద్రాక్షరసం

తిరువూరు,
నవంబరు, ఆదివారం సాయంత్రం.

ప్రభువునందు ప్రియమైన అత్తకు,

ఆరాధన వందనాలు. ఎప్పటిలాగే కాగితం మీద రాసి, ఫోటో తీసి నీ ఫోనుకి పంపుతున్నాను. నీకు చెవులు వినబడకుండా పోయాయని ఇన్నాళ్ళూ బాధపడేదాన్ని. ఇవాళ మాత్రం నోటితో చెప్పాల్సిన పని తప్పిందని సంతోషించాను. ఈ మాట నేను పైకి పలకలేను.

నాన్న మళ్ళీ తాగాడత్తా.

ఇవాళ మొదటి ఆదివారం, ప్రభువు బల్ల. ద్రాక్షరసం పోసిన చిన్న గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడవడం సంఘ పెద్దగా నాన్న వంతు. డిపోలో మెకానిక్కు పని మానేసి ఇన్నేళ్ళయినా ఆ ఒక్క పొద్దున మాత్రం గోళ్ళలో ఇంకా గ్రీజు ఉందేమో అన్నట్టు నిమ్మతొక్కతో చేతులు రుద్దుకుంటాడు. ఇవాళా రుద్దుకున్నాడు. మూడో వరస దగ్గర కాళ్ళు తడబడ్డాయి. పళ్ళెం పళ్ళెమంతా మీద పడి తెల్ల చొక్కా ఎర్రగా తడిసిపోయింది. నేను క్వయరులోంచి పరుగెత్తాను. నాన్న పాస్టరు అయ్యగారి వంక చూస్తూ, "ఈ బండి కండిషన్లో లేదు, రూటుకి పంపమాకండి" అంటున్నాడు. పిల్లలు నవ్వారు. లేవదీయడానికి వంగిన మరియదాసు గారు మొహం పక్కకి తిప్పుకుని, "వాసనొస్తంది" అన్నారు. మెల్లగానే అన్నారు కానీ అందరికీ వినబడింది. నాకూ వచ్చింది, పులిసిన వాసన.

ఏటా కోతల పండుగకి నాన్న లేచి సాక్ష్యం చెప్తాడు కదా, తాను ఎంత తాగుబోతో, బస్టాండు కాలవ పక్కన ఎలా పడుకునేవాడో, దేవుడు ఎలా లేపాడో. సండేస్కూలు పిల్లలకి కూడా అది కంఠతా వచ్చు. అందుకే ఎవరూ ఏమీ అడగలేదు. అడగకుండానే అందరికీ తెలిసిపోయింది.

ఆటోలో ఇంటికి తెస్తుంటే "నీళ్ళమ్మా" అన్నాడు. "ఇంకా తాగుతావా?" అన్నాను. ఆటో అతను అద్దంలోంచి చూశాడు.

మీ అల్లుడు విత్తనాల కంపెనీ క్యాంపుకి వెళ్ళాడు, బుధవారం దాకా రాడు. మందు వాసన అంటేనే పడని మనిషి. ఆయనకి నా మొహం ఎలా చూపించాలి? ఏం చేయాలో వెంటనే రాయి.

నీ
ఆరాధన

---

ఏలూరు,
సోమవారం పొద్దున.

ప్రియమైన ఆరాధనకు,

మీ అత్త చిట్టెమ్మ దీవించి రాసేది. ముందు ఆ ఏడుపు ఆపు. ఏడుపు వినబడితే పక్కింటివాళ్ళు కూరగిన్నె వంకతో వచ్చి కూర్చుంటారు.

నాకు ఆశ్చర్యంగా లేదు. మా నాన్న రక్తం అది, ఎక్కడికి పోతుంది? అమ్మ కడుపున వాడికంటే ముందు పుట్టినదాన్ని, వాడి చెవి చిన్నప్పుడే ఇంకాస్త గట్టిగా మెలిపెట్టాల్సింది. మొన్న ఇక్కడ పెళ్ళికి వచ్చినప్పుడు రాయిలా ఉన్నాడు. రెండు రోజులున్నాడు, ఏ జబ్బూ లేదు, ఏ నలతా లేదు. కాబట్టి ఇది మందే.

ఆసుపత్రికి మాత్రం తీసుకెళ్ళమాకు. అక్కడ చీటీ రాసేదగ్గర్నుంచి సూది వేసేదాకా సగం మంది మన సంఘంవాళ్ళే. మధ్యాహ్నానికల్లా మాట గంపలగూడెం దాకా పాకుతుంది. మా నాన్నని మీ నాయనమ్మ ఎలా దారిలో పెట్టేదో నేను కళ్ళారా చూశాను. నెత్తిన చన్నీళ్ళు కుమ్మరించేది. మజ్జిగలో నిమ్మకాయ పిండి తాగించేది. గదికి బయట గడియ పెట్టేది. నోటితో ఒప్పుకునేదాకా గడియ తీసేది కాదు. నువ్వూ అదే చెయ్యి. మెత్తబడ్డావంటే ఇంతే సంగతులు. ఒప్పించు.

నీ అత్త

---

తిరువూరు,
మంగళవారం.

ప్రియమైన అత్తకు,

నువ్వు చెప్పినట్టే చేశాను.

పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టి నీళ్ళు పోశాను. వణికిపోయాడు. "చలమ్మా" అన్నాడు. నుదురు పట్టుకుని చూశాను, చల్లగానే ఉంది, జ్వరమేమీ లేదు. మజ్జిగ గొంతు దిగనివ్వలేదు. కళ్ళు మూతలు పడుతుంటే గడ్డం పట్టుకుని పోశాను. సగం బయటికొచ్చింది, దగ్గాడు, మళ్ళీ పోశాను. తర్వాత గదిలో పడుకోబెట్టి గడియ పెట్టాను. నాన్న ఫోను నా దగ్గరే పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే ఒకటే రొప్పుతున్నాడు, పరుగెత్తుకొచ్చిన మనిషిలాగా. మందు దిగేటప్పుడు ఇంతేనా? అన్నం ముట్టలేదు. నన్ను ఒకసారి అమ్మ పేరుతో పిలిచాడు.

సాయంత్రం అయ్యగారు, మరియదాసు గారు వచ్చారు. వాళ్ళ ముందు కూర్చోబెట్టి అడిగాను. "తాగావా నాన్నా? ఒప్పుకో."

"లేదమ్మా" అన్నాడు.

మళ్ళీ అడిగాను. వాసన అందరూ చూశారన్నాను. అబద్ధం చెప్పడం తాగడం కంటే పెద్ద పాపమన్నాను. ఎన్నిసార్లు అడిగానో నాకే తెలియదు. చివరికి నా మొహంలోకి చాలాసేపు చూసి, "నువ్వు చెప్తున్నావుగా, తాగే ఉంటాను" అన్నాడు. అయ్యగారు ప్రార్థన చేశారు. ఇకనుంచి పళ్ళెం నాన్న పట్టుకోకూడదని వచ్చే ఆదివారం ప్రకటిస్తారట. నేను వాళ్ళకి థాంక్స్ చెప్పి టీ ఇచ్చాను.

ఒప్పుకున్నాక మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

నీ
ఆరాధన

---

ఏలూరు,
బుధవారం.

ఆరాధనా,

ఒప్పుకున్నాడు కదా, సగం పని అయినట్టే.

ఒక్క మాట. దగ్గాడని రాశావు. అది మజ్జిగ పొలమారడం వల్లేనా, అంతకుముందునుంచీ ఉందా? రొప్పడం తగ్గిందా? గోళ్ళ రంగు ఎలా ఉందో చూడు. ఊరికే అడుగుతున్నాను. చూసిన వెంటనే రాయి.

అత్త

---

విజయవాడ,
శుక్రవారం.

అత్తా,

నువ్వు అడిగినప్పుడు నేను గోళ్ళు చూడలేదు. నీ ఉత్తరం కూడా చూడలేదు. నాన్నని సరిగ్గా చూసినవాడు మీ అల్లుడు.

బుధవారం మధ్యాహ్నం కిరణ్ వచ్చాడు. గుమ్మంలోనే అంతా చెప్పేశాను. చెప్పులు విప్పకుండానే, "ఎప్పుడు తాగాడు?" అన్నాడు.

"ఆదివారం."

"ఇవాళ బుధవారం. మధ్యలో ఎవరు పోశారు?"

"ఎవరు పోస్తారు? గడియ పెట్టాను."

"గడియ పెడితే ఇంతసేపు దిగకుండా ఉంటదా?" అన్నాడు. తర్వాత తల వంచుకుని, "నేను తాగుతాను ఆరాధనా. క్యాంపుల్లో. నాకు తెల్సు అదెట్లా ఉంటదో. ఇది మందు కాదు" అన్నాడు. వేరే రోజైతే ఆ మాటకి ఇల్లు పీకి పందిరేసేదాన్ని. అప్పుడు మాత్రం గడియ తీయడానికి పరుగెత్తాను. నాన్న పెదవులు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. పిలిస్తే పలకలేదు.

తిరువూరు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి, వెంటనే అంబులెన్సులో ఇక్కడికి పంపారు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింద సగం తెల్లగా ఉంది. న్యుమోనియా. గాలి ఉండాల్సిన చోట చీము, నీరు నిండిపోయాయట.

"జ్వరం లేదు కదండీ" అన్నాను. అదొక్కటే నాకు మిగిలిన ఆధారం. డాక్టరమ్మ నాకంటే చిన్నదే. "పెద్దవయసులో జ్వరం రావాలని రూలేం లేదండీ. ఒంట్లో శక్తి తగ్గితే ఒళ్ళు వేడెక్కదు. తికమకగా మాట్లాడటం, తూలిపడటం, తిండి మానేయటం, ఊపిరి వేగంగా తీసుకోవటం, ఒక్కోసారి ఇవే కనబడతాయి" అంది. ఆ నాలుగూ నేను నీకు రాసినవే. రాసి మరీ పంపాను.

ఇది ఎవరికైనా రావచ్చు కానీ కొందరి మీద గట్టిగా పడుతుందట. పసిపిల్లలు, అరవై అయిదు దాటినవాళ్ళు, షుగరు, గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు, ఒకప్పుడు పొగ తాగి మానేసినవాళ్ళు కూడా. నాన్నకి డెబ్బై దాటింది. షుగరుంది. డిపోలో ఉన్నన్నాళ్ళూ బీడీలు కాల్చాడు. ఆమె ఒక్కొక్కటీ అడుగుతుంటే తల ఊపుతూ కూర్చున్నాను. తర్వాత, "నోటితో ఏమన్నా పట్టించారా?" అని అడిగింది. మజ్జిగ అన్నాను. రాస్తున్న పెన్ను ఆపేసింది. "మగతలో ఉన్న మనిషికి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోద్దండీ" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

బట్టలు తేవడానికి కిరణ్ ఇంటికి వెళ్ళి అక్కణ్ణుంచి ఫోను చేశాడు. ఆదివారం నాటి చొక్కా పెరట్లో మూలన పడేశాను, దాన్ని వాసన చూశాడట. ఈ నెల సంఘంలో కలిపిన ద్రాక్షరసం పులిసిపోయిందని క్వయరులో మేమే అనుకున్నాం. నాన్న నోట్లోంచి కాదత్తా ఆ వాసన. చొక్కాలోంచి. ప్రభువు బల్ల మీది రసాన్ని మేమందరం సారా అనుకున్నాం.

నాన్న ఇంకా కళ్ళు తెరవలేదు. ఐసీయూ అద్దంలోంచి చూడనిస్తున్నారు. బతుకుతాడో లేదో చెప్పడం లేదు. నా చేతులు చూసుకుంటే నాకే అసహ్యంగా ఉంది.

ఆరాధన

---

ఏలూరు,
శనివారం.

అమ్మా ఆరాధనా,

నీకొక అబద్ధం రాశాను. పెళ్ళికి వచ్చినప్పుడు రాయిలా ఉన్నాడని రాశాను కదా. లేడు.

మా మేడమెట్లు ఎక్కుతూ సగంలో కూర్చుండిపోయాడు. అంతకు వారం ముందు రొంప పట్టి తగ్గిందని సైగ చేశాడు గానీ దగ్గు తగ్గలేదు. పక్కన కూర్చుంటే కాగితం మీద రాసి చూపించాడు, "ఆయాసంగా ఉందక్కా. ఆరాధనకి చెప్పొద్దు, క్రిస్మస్ పాటల హడావిడిలో ఉంది" అని. నేను కరక్కాయ ముక్క చేతిలో పెట్టి, బుగ్గనపెట్టుకో, జలుబుకి ఇంత రాద్ధాంతమా అన్నాను. పెళ్ళిలో నవ్వించడానికి ముసలోడివైపోయావురా అని నలుగురిలో వెక్కిరించాను కూడా.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు ఆ మెట్లే గుర్తొచ్చాయి. గుర్తొచ్చీ రాయలేదు. ఎందుకో నాలుగు రోజులుగా నన్ను నేను అడుగుతున్నాను. తాగాడంటే తప్పు వాడిది. జబ్బంటే తప్పు నాది, చూసి కూడా డాక్టరు దగ్గరికి పంపలేదు కాబట్టి. నాకు మొదటిదే సులువుగా ఉంది. అందుకే మందే అని తేల్చేసి, ఆ చన్నీళ్ళూ మజ్జిగా నీ చేత పోయించాను. ముప్ఫై ఏళ్ళు బడిలో పిల్లలకి నిజం చెప్పమని బెత్తం చూపించినదాన్ని.

నీ చేతుల్ని అసహ్యించుకోమాకు. ఆ చేతులకి చెప్పింది నేను. వాడు బతికితే కాళ్ళు పట్టుకుంటాను. బతక్కపోతే ఏం చేయాలో నాకు తెలియదు.

చిట్టెమ్మ

---

తిరువూరు,
డిసెంబరు.

ప్రియమైన అత్తకు,

నాన్న ఇంటికొచ్చాడు. బాగా చిక్కిపోయాడు. మంచం మీంచి గుమ్మం దాకా నడిచి అక్కడ కాసేపు ఆగుతాడు. కోలుకున్నాక న్యుమోనియా టీకా, ఏడాదికోసారి ఫ్లూ టీకా వేయించమన్నారు. నీకు కూడా వేయించమని డాక్టరమ్మకి చెప్పి మరీ కాగితం రాయించుకున్నాను. డెబ్బై అయిదేళ్ళదానివి, వంక పెట్టమాకు.

ఇప్పుడు అసలు సంగతి. నాన్న తాను తాగాడనే నమ్ముతున్నాడు.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచాక మొట్టమొదట అన్న మాట, "క్షమించమ్మా, నీ పరువు తీశాను." నర్సులకి కూడా చెప్పాడట, నేను తాగుబోతునమ్మా, నాకు ఇంత సేవ ఎందుకు అని. ఆదివారం గుర్తులేదు, నీళ్ళు పోయడం గుర్తులేదు. నేను ఒప్పించడం ఒక్కటే గుర్తుంది. తాగలేదు నాన్నా, అది జబ్బు అని ఎన్నిసార్లు చెప్పినా నవ్వుతాడు. "నన్ను ఓదార్చడానికి అంటున్నావు. అప్పుడు అయ్యగారి ముందు నువ్వే చెప్పావుగా. నువ్వు అబద్ధం చెప్పే పిల్లవి కాదు" అంటాడు. ఎక్స్‌రే చూపించాను. "తాగి పడిపోతే వచ్చిందేమో" అన్నాడు.

అయ్యగారికి నిజం చెప్పాను. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని, ఈ ఆదివారమే సంఘంలో చెప్పేద్దాం అన్నారు. నేనే వద్దన్నాను. క్రిస్మస్ అయ్యాక చూద్దామన్నాను.

నిజం చెప్తాను. నాన్న తాగలేదని చెప్తే, మరి గదిలో పెట్టి ఎందుకు గడియ వేశావని అడుగుతారు. అది చెప్పాలి. ఇంటికి పళ్ళు పట్టుకుని వస్తున్నారు, నాన్నని జాలిగా చూసి, నన్ను మెచ్చుకుని వెళ్తున్నారు. ఇలాంటి తండ్రిని ఎంత ఓపిగ్గా చూసుకుంటున్నావమ్మా అంటున్నారు. నేను ఊరుకుంటున్నాను. క్రిస్మస్‌కి ముందు వరసలో నిలబడి పాట పాడతాను కూడా. నన్ను చూస్తే నీకు ఏమనిపిస్తోంది?

ఆరాధన

---

ఏలూరు,
జనవరి.

ఆరాధనా,

నిన్ను చూస్తే నేనే కనబడుతున్నాను, అందుకే తిట్టలేకపోతున్నాను.

క్రిస్మస్ అయింది. కొత్త సంవత్సరమూ వచ్చింది. ఇంకా చెప్పలేదని కిరణ్ రాశాడు. వచ్చే నెల కోతల పండుగ. వాడు లేస్తాడు చూడు, ఏటా లేచేవాడు ఈసారి కూర్చుంటాడా? చేయని తప్పుకి సంఘం ముందు నిలబడతాడు. అంతకుముందే నువ్వు చెప్పాలి. నా పేరు దాచమాకు. మజ్జిగ చిట్టెమ్మ చెప్పిందని చెప్పు, వాడి అక్క చూసి కూడా నోరు మూసుకుందని చెప్పు.

టీకా వేయించుకున్నాను. ఎవరు చెప్పారమ్మా ఈ టీకా గురించి అని నర్సు కాగితం మీద రాసి అడిగింది. మా తమ్ముడి ఊపిరితిత్తులు చెప్పాయన్నాను. పాపం, దానికి అర్థం కాలేదు.

మోకాళ్ళు సహకరిస్తే పండుగకి వచ్చేదాన్ని. రాలేను. ఏం జరిగిందో ఒక్క ముక్క వదలకుండా రాయి.

అత్త

---

తిరువూరు,
ఫిబ్రవరి, ఆదివారం.

ప్రియమైన అత్తకు,

ఒక్క ముక్క వదలకుండా రాస్తున్నాను.

ముందే చెప్పలేదు. ఇవాళ పొద్దున దాకా రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే ఉన్నాను. ఎ.కొండూరు నుంచి కూడా జనం వచ్చారు. గుమ్మడికాయలు, వరి కంకులు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, పత్తి బుట్టలు బల్ల ముందు పెట్టారు. నాన్న చివరి వరసలో కూర్చున్నాడు. ఇదివరకు ముందు కూర్చునేవాడు. సాక్ష్యాలకి అయ్యగారు నాన్న పేరు పిలవలేదు. తనే లేచాడు. కర్ర పట్టుకుని ముందుకి నడుస్తుంటే అందరూ తలలు వంచుకున్నారు.

"ప్రతి ఏడూ నేను లేచానని చెప్పేవాణ్ణి" అన్నాడు. "ఈ ఏడు పడ్డాను. ప్రభువు బల్ల దగ్గరే పడ్డాను. ఎక్కడ తాగానో, ఎవరు పోశారో నాకు గుర్తులేదు. కానీ మా అమ్మాయి చూసింది. అది నా చేత ఒప్పించింది. నా కోసం ప్రార్థన చేయండి."

సాక్ష్యం చెప్పేవాళ్ళకి ఎవరూ అడ్డురారు కదా. నేను క్వయరులోంచి లేచాను. ఉన్నచోటునుంచే అరిచినట్టు చెప్పాను. "మా నాన్న తాగలేదు. మా నాన్నకి న్యుమోనియా. ముసలివాళ్ళకి జ్వరం లేకుండా కూడా వస్తుంది, మాట తడబడుతుంది, కాళ్ళు తూలుతాయి. ఆ వాసన చొక్కా మీద ఒలికిన ద్రాక్షరసానిది. నేను అది సారా అనుకుని, ఊపిరాడని మనిషిని చన్నీళ్ళతో తడిపి, మగతలో మజ్జిగ పోసి, గదిలో పెట్టి గడియ వేశాను. లేదు లేదంటున్నా వినకుండా ఒప్పించాను. నవంబరు నుంచీ నిజం తెలిసి కూడా దాచాను." నీ పేరు కూడా చెప్పాను అత్తా, నువ్వు చెప్పమన్నావు గనక. కానీ గడియ వేసింది నేనేనని చెప్పాను.

 బల్ల ముందు ఒక కోడి అరుస్తూనే ఉంది. మరియదాసు గారు లేచి, "వాసనొస్తందన్నది నేను" అని కూర్చున్నారు. అయ్యగారు ద్రాక్షరసం పళ్ళెం తెచ్చి నాన్న చేతుల్లో పెట్టబోయారు. నాన్న తీసుకోలేదు. "ఇవాళ కాదండీ, చేతులు వణుకుతున్నాయి" అన్నాడు. నా వంక చూడలేదు.

ఇంటికి నడిచే వచ్చాం. కిరణ్ బండి మీద ఎక్కించుకుంటానంటే వద్దన్నాడు. బోసుబొమ్మ సెంటరు దాటాం.

"అయితే నేను నిజంగానే తాగలేదా?" అన్నాడు.

"లేదు నాన్నా."

మరికొంచెం నడిచాక, "లేదమ్మా అన్నాను కదా ఆ రోజు. నాకు ఇప్పుడు గుర్తొస్తంది. లేదమ్మా అని చెప్పాను కదా. మరెందుకు నమ్మలా?" అన్నాడు.

కోపంగా అడగలేదత్తా. తెలియక అడిగినట్టు అడిగాడు. అందుకే అంత సిగ్గేసింది. అన్నేళ్ళు ఒక్క చుక్క ముట్టని మనిషి మాట కంటే, ఒక్క నిమిషం వచ్చిన వాసన నాకు ఎక్కువైంది. "సిగ్గేసి నాన్నా" అన్నాను. "నలుగురూ చూస్తున్నారని సిగ్గేసి."

 క్షమించానని అనలేదు, ఫర్వాలేదని కూడా అనలేదు. అలాగే నడిచాడు. మన వీధి మలుపు దగ్గర కొంచెం ఎత్తుంటుంది, నీకు గుర్తుందిగా. అక్కడ కర్ర ఆనించి నిలబడ్డాడు. పెళ్ళిలో నీకు రాసి చూపించి నాకు చెప్పొద్దన్న మాటని ఈసారి నాకే చెప్పాడు.

"ఆయాసంగా ఉందమ్మా, కాస్త ఆగు."

ఆగాను. ఎండగా ఉంది. చెయ్యి పట్టుకోవచ్చో లేదో తెలియక పక్కనే నిలబడ్డాను. కాసేపటికి కర్రని రెండో చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చెయ్యి నా భుజం మీద వేశాడు.

నీ
ఆరాధన